పరదా లోపలి నుంచి అడిగిన ప్రశ్న

“నాకు తెలియదు హుస్సేనమ్మా. కితాబు చూసి రేపు చెప్తాను” అంది రజియా ఆపా ఫోన్లో.

“నువ్వు చెప్పేదాకా నేనెవరికీ ఏమీ చెప్పనులే తల్లీ” అన్నాను నేను.

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు ఇవే. నేనడిగింది చిన్న సంగతి. చనిపోయిన ఆడమనిషి గోళ్లకు రంగు ఉంటే స్నానానికి ముందు దాన్ని గీకి తీయాలా, ఉండగానే నీళ్లు పోయవచ్చా అని. తీయగలిగితే తీయాలని తర్వాత వేరేవాళ్లు చెప్పారు. ఆపా మాత్రం చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే ఆమెకే స్నానం చేయించడానికి రమ్మని కబురు వచ్చింది.

ఇది కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు, వానాకాలంలో జరిగింది. అప్పటికి నేను బందరులో మసీదు కమిటీ తరఫున మయ్యత్‌లకు గుస్ల్ చేయించే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. మయ్యత్ అంటే చనిపోయినవారు, గుస్ల్ అంటే వాళ్లకు చేయించే చివరి స్నానం. మగవాళ్లకు మగవాళ్లు, ఆడవాళ్లకు ఆడవాళ్లు చేయించాలి. మా ఆయన పెడనలో కలంకారీ అచ్చులు వేసేవాడు, ఆ గుడ్డలు నేను కాలవలో జాడించేదాన్ని. ఆయన పోయాక ఒక ముసలామె నన్ను వెంటబెట్టుకుని ఈ పని నేర్పింది. మొదట నీళ్లు అందించడం, తర్వాత పోయడం, ఆ తర్వాత చెయ్యి వేయడం. చెయ్యి వేసే మనిషే ఆ గదిలో పెద్ద. ఆమె మాటకు ఇంట్లోవాళ్లు కూడా అడ్డం చెప్పరు.

చదువు నాకు లేదు. తెలుగులో సంతకం పెడతాను, బస్సు బోర్డు చదువుతాను. ఉర్దూ కూడా మా నూర్‌బాషాల ఇళ్లలో అంతంతమాత్రం, మాకు తెలుగే. అందుకని పనిలో ఏ అనుమానం వచ్చినా అరబ్బీ చదువు చెప్పేవాళ్లను అడగాల్సిందే. నాకు అలాంటివాళ్లు ముగ్గురున్నారు. దివిసీమలో నాగాయలంక దాటాక ఒక ఊళ్లో ఆడపిల్లల మదరసా ఉంది. దానికి పెద్ద ఉస్తాద్ ఒకాయన. అక్కడే పిల్లలకు అరబ్బీ, దీన్ అంటే మతం చదువు చెప్పే రజియా ఆపా. గుడివాడలో ఒక బళ్లో అరబ్బీ చెప్పే అన్వర్ సాబ్. ఆ కుర్రాయన ఒకప్పుడు పెద్ద ఉస్తాద్ దగ్గర చదువుకున్నవాడే.

చదువుకున్నవాళ్లకు అన్నీ తెలిసి ఉంటాయని బయటివాళ్లు అనుకుంటారు. నేను చూసింది వేరు. పెద్ద ఉస్తాద్‌కు జవాబు నోటికి వచ్చినా నోటితో చెప్పడు. సాయంత్రం ఫోన్ చేయమంటాడు. ఈలోగా కితాబు దించి, పైన అసలు మాట చదివి, దాని అంచున సన్న అక్షరాలతో రాసి ఉండే వివరం చదివి, అప్పటికీ మనసు తేలకపోతే తన గురువుకు ఫోన్ చేస్తాడు. ఎవరైనా ఏదైనా చెబితే ఆయన మొదట అడిగేది, ఎవరి దగ్గర విన్నావు అని. చెప్పినవాడి పేరు లేని మాటను ఆయన నేల మీద పడిన మెతుకులా చూస్తాడు. పారేయడు, తినడు.

అన్వర్ సాబ్‌కు అన్నీ ఫోన్లో. మనం అడగడం పూర్తయ్యేలోగా దొరకబుచ్చుకుంటాడు. అయినా వెంటనే చెప్పడు. ఫోన్లోకి ఎక్కించేటప్పుడు అక్షరాలు జారిపోతాయట. అందుకని అచ్చు పుస్తకం ఉన్న స్నేహితుడి చేత ఆ పేజీ ఫొటో తెప్పించుకుని, రెండూ పోల్చి, అప్పుడు చెప్తాడు. రజియా ఆపా మొదట తెలియదు అంటుంది. ఆమె గురువు ఆమెకు ముందుగా నేర్పిన మాట అదేనట.

ఇక మా పనిలో అన్నిటికన్నా గట్టి నియమం ఒకటి. పరదా లోపల చూసింది పరదా లోపలే ఉండిపోవాలి. మొహం కళగా ఉంది, ప్రశాంతంగా ఉంది అనే మాటలు బయటికి చెప్పవచ్చు. మచ్చ, లోపం, చూడరానిది ఏది కనబడినా మట్టి వరకూ మనతోనే రావాలి. అలా దాచినవాళ్లను అల్లా మన్నిస్తాడని మా నమ్మకం. నాకు పని నేర్పిన ముసలామె దీని మీద ఎంత గట్టిగా ఉండేదంటే, తన చేతుల మీదుగా పోయిన మనుషుల పేర్లు కూడా మళ్లీ ఎత్తేది కాదు.

ఆ రోజు బందరు నుంచి చల్లపల్లి, అవనిగడ్డ మీదుగా బస్సులో వెళ్లి, నాగాయలంక నుంచి ఆటోలో మదరసాకు చేరాను. ఒకటే ముసురు. దారికి రెండు పక్కలా రొయ్యల చెరువులు. వాటిలో నీళ్లకు గాలి పట్టించే చక్రాలు ఆగకుండా తిరుగుతున్నాయి. మదరసా వాకిట్లో పిల్లలంతా గోడ వారగా కూర్చుని ఉన్నారు. అంతమంది పిల్లలున్న చోట చెరువు చక్రాల చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు.

వంట చేసే మస్తాన్‌బీ నన్ను లోపలికి తీసుకెళ్తూ జరిగింది చెప్పింది. రాత్రి ఇషా నమాజు తర్వాత ఆపా తన గదిలో కూర్చుని కితాబు చూసుకుంటూ ఉందట. తెల్లవారుజామున కడుపులో నొప్పి అందట. ఏదో పడలేదనుకుని వాము నీళ్లు ఇచ్చారు. కాసేపటికి రెప్పలు బరువుగా ఉన్నాయి, ఎత్తలేకపోతున్నాను అందట. మాట ముద్దగా వచ్చిందట. ఊళ్లో వైద్యం చేసే ఆయన వచ్చేసరికి ఊపిరి లేదు. గుండె ఆగిపోయింది అని చెప్పి వెళ్లాడు.

“నిద్ర మత్తనుకున్నాం అక్కా. పిల్లలు నవ్వారు కూడా, ఆపా కళ్లు తెరవకుండానే మాట్లాడుతోందని” అంది మస్తాన్‌బీ.

వానకు వాకిట్లో పరదా నిలవలేదు. నీళ్లు పోయే తూము ఆపా గదిలోనే ఉంది కాబట్టి స్నానం చేయించే బల్ల అక్కడే వేయించాను. కిటికీ మూయించి, గుమ్మానికి దుప్పటి కట్టించి, రేగాకు వేసి కాచిన నీళ్లు తెప్పించి, బల్ల చుట్టూ సాంబ్రాణి తిప్పాను. ఆ గది ఆపాకు ఇల్లు, బడి రెండూను. ఒక పక్క పరుపు, ఒక పక్క నేల మీద పొట్టి రాతబల్ల, గోడకు కింది దాకా తలుపుల్లేని పుస్తకాల అలమారా. భయపడే చిన్నపిల్లలు ఆమె దగ్గరే పడుకునేవాళ్లు. వాళ్ల చాపలు ఆ అలమారాకు ఆనించే చుట్టి ఉన్నాయి.

రాతబల్ల మీద పెద్ద కితాబు ఒకటి తెరిచి ఉంది. అలమారా అడుగు అరలో అది ఉండాల్సిన చోటు ఖాళీగా, ఊడిన పన్ను సందులా నల్లగా ఉంది. ఆ తెరిచిన పేజీ ఏమిటని అడిగాను. మస్తాన్‌బీకి అరబ్బీ అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు. కాసేపు చూసి, మయ్యత్ గుస్ల్ గురించి అంది. నా ప్రశ్న కోసమే ఆ కితాబు అరలోంచి బయటికి వచ్చింది.

బిస్మిల్లా అనుకుని పని మొదలుపెట్టాను. పైన దుప్పటి కప్పి, చేతికి గుడ్డ చుట్టుకుని, దుప్పటి కిందనే కడగాలి. ముందు వుజూ చేయించాలి. అంటే నమాజుకు ముందు మనం కడుక్కున్నట్టే మొహం, చేతులు. కుడి చెయ్యి ఎత్తి నీళ్లు పోస్తుంటే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెత్తటి చోట రెండు చుక్కలు కనిపించాయి. సూది మొనతో పొడిచినట్టు, పక్కపక్కన. వాపు లేదు, రంగు మారలేదు. పిన్నీసు గుచ్చుకున్నా అలాగే ఉంటుంది.

దివిసీమలో అంతకు ముందు ఒకసారి కట్లపాము కరిచిన మనిషికి నీళ్లు పోశాను. అప్పుడూ ఇలాగే, కరిచిన చోటు కనిపించీ కనిపించనట్టు ఉంది. ఆమె కూడా పొద్దున రెప్పలు ఎత్తలేకపోయిందనే చెప్పారు. అయినా నాకు రూఢిగా తెలియదు. తెలియని మాట చెప్పవచ్చా? తెలిసినా మయ్యత్ ఒంటి మీద చూసింది చెప్పవచ్చా? చెప్పకపోతే రాత్రికి పిల్లలు చాపలు పరుచుకునేది ఇక్కడే.

అప్పుడు అలమారా వైపు నుంచి చప్పుడు వచ్చింది. ఎండు కాగితం మీద కాగితం జరిగినట్టు, నెమ్మదిగా. ఆగింది. మళ్లీ వచ్చింది. రాతబల్ల మీది కితాబు కదలలేదు. కిటికీ మూసి ఉంది, గాలి లేదు.

మస్తాన్‌బీ చెంబు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆమె మొహంలో భయం లేదు, అదే నన్ను ఇంకా భయపెట్టింది.

“ఆపా చదువుకుంటోంది అక్కా” అంది గొంతు తగ్గించి. “రోజూ ఈ చప్పుడు వింటూనే నేను పొయ్యి వెలిగించేదాన్ని.”

నేను ఆపా మొహం వైపు చూశాను. మూసిన రెప్పలు మూసినట్టే ఉన్నాయి. కాని నా చేతిలో ఉన్న ఆమె చెయ్యి, వేడినీళ్లకు కాబోలు, బతికున్న మనిషి చెయ్యిలా వెచ్చగా ఉంది. ఇన్నేళ్ల పనిలో ఆ ఒక్కసారే నేను పట్టుకున్న చెయ్యి వదిలేశాను.

గుమ్మం అవతల వసారాలో పెద్ద ఉస్తాద్, గుడివాడ నుంచి వచ్చిన అన్వర్ సాబ్ నిలబడి ఉన్నారు. దుప్పటి దగ్గరికి వెళ్లి ఉస్తాద్‌ను పిలిచాను. ఏం చూశానో చెప్పకుండా అడగాలి, చెప్పవచ్చా లేదా అన్నదే కదా ప్రశ్న. అందుకని, గుస్ల్ చేయించే మనిషి మయ్యత్‌లో ఏదైనా చూస్తే బయటికి చెప్పవచ్చా అని అడిగాను.

ఏం చూశారని నేను అడగను, అడగకూడదు కూడా అన్నాడు ఉస్తాద్. అన్వర్ సాబ్ అప్పటికే ఫోన్ తీశాడు. వానకు సిగ్నల్ రాక వసారా చివరిదాకా వెళ్లి, చెయ్యి పైకెత్తి, మళ్లీ వచ్చాడు. దాచాలనే ఉంది, పేజీ ఫొటో కోసం బందరులో స్నేహితుడికి పెట్టాను, రాగానే గట్టిగా చెప్తాను అన్నాడు.

“ఆ ఫొటో వచ్చేదాకా మయ్యత్ ఆగాలా? చార్జింగ్ అయిపోతే నీ చదువూ అయిపోతుందా ఏం?” అన్నాడు ఉస్తాద్.

“మీ కితాబుకు చెదలు పడితేనో, ఉస్తాద్?” అన్నాడు అన్వర్ సాబ్. ఆ పరిస్థితిలోనూ ఇద్దరూ ఒకరినొకరు అనుకోవడం మానలేదు. అది వాళ్ల అలవాటు.

తర్వాత ఉస్తాద్ తనలో తాను మాట్లాడుకున్నట్టు అన్నాడు. దాచాలన్నది నిజమే. కాని దానికి కింద అంచున ఒక మినహాయింపు రాసి ఉన్నట్టు ఆయనకు గుర్తుంది. జనాన్ని హెచ్చరించాల్సి వస్తే ఏమిటన్నది. అది ఎవరి మాటో, ఎంతవరకో గుర్తులేదు. గుర్తులేని మాట చెప్పను, చూడాలి అన్నాడు. మస్తాన్‌బీని పిలిచాడు. ఆపా అలమారాలో అడుగు అరలో, ఇప్పుడు రాతబల్ల మీద ఉన్నదానికి పక్క సంపుటం ఉంటుంది, ఆకుపచ్చ అట్ట, తీసి దుప్పటి కింద నుంచి ఇవ్వు అన్నాడు.

మస్తాన్‌బీ చెంబు దించి, చేతులు తుడుచుకుని, వంగింది. ఆ నల్లటి సందు పక్కకే ఆమె చెయ్యి వెళ్తోంది. కాగితాల చప్పుడు ఆగిపోయింది. ఆ ఆగిపోవడమే నాకు ఎవరో ఊపిరి బిగబట్టినట్టు అనిపించింది.

తడి చేత్తోనే ఆమె మణికట్టు పట్టుకుని వెనక్కి లాగాను.

“ఆ అరలో ఎవరూ చెయ్యి పెట్టొద్దు” అన్నాను. నా గొంతు నాకే మోటుగా వినిపించింది.

“ఏమైందమ్మా?” అన్నాడు ఉస్తాద్ బయటి నుంచి.

జవాబు రాకుండా నోరు విప్పితే నియమం పోతుంది. విప్పకపోతే ఏం పోతుందో నా ఎదురుగానే బల్ల మీద ఉంది.

మస్తాన్‌బీకి ఏమీ తెలియదు. నేను ఆపా ఆత్మను చూశాననుకుంది.

ఉస్తాద్ దుప్పటికి ఇంకా దగ్గరగా వచ్చాడు. ఆయన చెప్పుల చప్పుడు వినిపించింది. గొంతు మారలేదు. పాఠం చెప్పేటప్పుడు పిల్లలను అడిగినట్టే అడిగాడు.

“హుస్సేనమ్మా, నేను మిమ్మల్ని ముందే అడగాల్సింది. మీ ప్రశ్న పోయిన మనిషి పరువు గురించా, ఉన్నవాళ్ల ప్రాణం గురించా?”

“ఉన్నవాళ్ల ప్రాణం గురించి.”

“అయితే కితాబు వద్దు. చెప్పండి.”

చెప్పాను. చేతి మీద రెండు చుక్కలున్నాయని, ఖాయంగా తెలియదని, అడుగు అరలో ఏదో కదులుతోందని. అన్వర్ సాబ్ ఒక్కసారిగా గుమ్మం వైపు రాబోయాడు. ఉస్తాద్ ఆపాడు. లోపల ఆపా దుప్పటి కింద ఉంది. మగవాళ్లు ఆ గదిలోకి అడుగుపెట్టకూడదు. ఆమెను కడిగి, కఫన్ గుడ్డలు చుట్టి బయటికి తేవాలి, తర్వాతే కర్ర పట్టుకుని ఎవరైనా లోపలికి వెళ్లేది.

అయినా ముందు మీ ప్రాణాలు, స్నానం సంగతి తర్వాత చూద్దాం, మీరిద్దరూ వెంటనే బయటికి రండి అన్నాడు ఉస్తాద్. మస్తాన్‌బీని పంపించేశాను. నేను వెళ్లలేదు. సగం నీళ్లు పోసిన మనిషిని వదిలి రావడం నాకు తెలియదు. ఆ సంగతి ఆయనకు చెప్పాను. ఇంకొకరైతే వాదించేవారు. ఆయన వాదించలేదు. తనకు తెలిసింది చెప్పాడు. మూడుసార్లు పోయడం, కుడి ఎడమ, జడలు, కర్పూరం, ఇవన్నీ పద్ధతి. ఒళ్లంతా ఒక్కసారి తడిస్తే తప్పనిసరిది తీరిపోతుంది. ఏటా పిల్లలకు చెప్పే పాఠమే కాబట్టి దీనికి ఆయన ఏ పుస్తకమూ అడగలేదు.

నేను అలమారా వైపు మొహం పెట్టి నిలబడి నీళ్లు పోశాను. తల నుంచి పాదాల దాకా, పొడి చోటు మిగలకుండా. నా పాదాల చుట్టూ నీళ్లు తూము వైపు వెళ్తుంటే, తడికి అది బయటికి వస్తుందేమో అనుకున్నాను. ఆ నల్లటి సందులో వెలుతురు ఒకచోట ఒక్క క్షణం ఆగి జారినట్టు కనిపించింది. అంతకు మించి ఏమీ చూడలేదు. తుడిచి, ఐదు గుడ్డలు వరసగా చుట్టి, తల దగ్గర, నడుము దగ్గర, పాదాల దగ్గర ముడి వేశాను. ఆ పని చేస్తున్నంతసేపూ నేను ఆపాతో మాట్లాడుతూనే ఉన్నాను. ఏం మాట్లాడానో గుర్తులేదు. పని నేర్చుకున్నప్పుడు మాట్లాడకూడదని నేర్పారు.

మస్తాన్‌బీ, ఊరి ఆడవాళ్లు గుమ్మం దాకా వచ్చి బల్లను అటువైపు నుంచి అందుకుని లాగారు. ఆపా బయటికి వచ్చాక నేను వచ్చాను.

పక్క రొయ్యల చెరువు కాపలా మనిషి పొడుగాటి ఇనుప కొక్కెం పట్టుకుని లోపలికి వెళ్లాడు. అడుగు అర కితాబులు ఒక్కొక్కటి కొక్కెంతోనే కిందికి లాగాడు. ఆకుపచ్చ అట్ట కితాబు పడ్డాక, దాని వెనక, గోడకూ పుస్తకాలకూ మధ్య, నల్లటి ఒంటి మీద సన్నటి తెల్ల పట్టీలతో కట్లపాము చుట్ట చుట్టుకుని ఉంది. అతను దాన్ని వాకిట్లోకి తెచ్చి చంపాడు. పిల్లలు ఎవరూ అరవలేదు. ఒక చిన్నపిల్ల మాత్రం లేచి వెళ్లి తన చాపను గది బయటికి ఈడ్చుకుని వచ్చింది.

అన్వర్ సాబ్ అడిగిన ఫొటో అప్పుడు వచ్చింది. ఆయన తెరిచి చూసి ఉస్తాద్ చేతికిచ్చాడు. ఉస్తాద్ కళ్లద్దాలు పెట్టుకుని అంచున ఉన్న సన్న అక్షరాలు ఆఖరి వరకూ చదివాడు. మినహాయింపు ఉంది, కాని అది వేరే సందర్భానిది, ఈ సంగతి అందులో లేదు అన్నాడు. లేదని తెలుసుకోవడానికి కూడా ఆయన మొత్తం చదివాడు.

ఆపాను సాయంత్రం అసర్ నమాజు తర్వాత మట్టి చేశారు.

ఆ తర్వాత నేను మానేసేదాకా, ఉస్తాద్‌ను ఏది అడిగినా ఆయన ముందు నన్ను ఎదురు అడిగేవాడు. ఎవరికి, ఎక్కడ, ఇప్పుడు ఏం ఆగిపోయి ఉంది అని. మొదట్లో విసుగనిపించేది. అన్వర్ సాబ్ కూడా తన బళ్లో అదే పద్ధతి పెట్టుకున్నాడని విన్నాను. మదరసాలో అడుగు అర ఖాళీగా ఉంచారు. కర్రతో తట్టి చూడకుండా కితాబు మీద చెయ్యి వేయడం లేదు. నా చేతులు వణకడం మొదలయ్యాక పని ఇంకొకామెకు అప్పగించాను. పద్ధతులన్నీ నేర్పాక ఆమెకు చివరగా చెప్పింది ఇదే. పెద్దవాళ్లను అడిగేటప్పుడు ప్రశ్న చిన్నది చేసి అడగవద్దు. అడిగినదానికే వాళ్లు జవాబు వెతుకుతారు, ఎంత నిజాయితీగా వెతికినా అడగనిది వాళ్లకు దొరకదు.

షాహీన్, మీ అత్త చెప్పాల్సింది అయిపోయింది. ఇప్పుడు నువ్వు రాసుకున్నది మొదటి నుంచి చదివి వినిపించు, తొందరపడకుండా. ఆపా ఒంటి మీద నేను చూసినవాటిలో ఆ రెండు చుక్కలు తప్ప ఇంకొకటి ఏదైనా నా నోట జారిందేమో వినాలి. జారితే అక్కడ కొట్టెయ్యి. చదువమ్మా.